అర్థమైన ఐదు మాటలు

ఆ ఉదయం ఆ కొట్టంలో ఉన్న మనుషులు ముగ్గురు: ఇంటావిడ గుల్సారా, నా స్నేహితుడు కిరణ్, నేను. ఉన్న వస్తువులు: బకెట్ నిండా వేడినీళ్లు, సబ్బు ముక్క, గిన్నెలో నూనె, చిరిగిన దుప్పటి, గోడకు వేలాడుతున్న చలికోటు, నా జేబులో నోట్‌బుక్. నేల మీద గడ్డి. గడ్డి మీద ఈనలేక అవస్థ పడుతున్న ఒక గొర్రె. ఊరు కిర్గిజిస్తాన్‌లో, నరిన్ పట్నానికి బండిలో రెండు గంటల దూరంలో, కొండల మధ్య. ఈ జాబితాలో ఏదీ వదిలిపెట్టలేదని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే చాలాసార్లు రాసుకున్నాను. అక్కడ ఏమేమి ఉన్నాయో రాయడం నాకెప్పుడూ కష్టం కాలేదు. నేనేం చేశానన్నది మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ రాయలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం మా చెల్లె శిరీష. మిర్యాలగూడలో ఉండే మా చిన్నాయన కూతురు. డాక్టరు చదువుకు ఆమెకు అదే దేశంలో సీటు వచ్చింది. పోయిన నెల వాళ్లింటికి వెళ్తే, చెప్పులు విడవకముందే పట్టుకుంది.

"అన్నా, నీకు వాళ్ల భాష వచ్చంట గదా. జర నాకు గూడ నేర్పియ్. గాడ దిగి నోరు తెర్సుకోని నిలబడితే ఇజ్జత్ పోతది."

"ముందు నీకు రొట్టె చేసుడు నేర్పియ్యాలె," అంది చిన్నమ్మ వంటింట్లోంచి. "భాష తింటె కడుపు నిండుతదా?"

మరుసటి ఆదివారం అటక మీది వీపుసంచి దించి, అందులోని నోట్‌బుక్ తీసుకెళ్లి ఇచ్చాను. ప్రతి పేజీలో మూడు గడులు. మొదటి గడిలో వాళ్ల మాట తెలుగు లిపిలో, రెండో గడిలో దాని అర్థం, మూడో గడిలో నేర్చుకున్న తేదీ. ముందే తెలిసిన మాటలకు పక్కన చుక్క గుర్తు. నాన్, చాయ్, బజార్, అస్మాన్, దర్యా. మా తాత నోట విన్న ఉర్దూ మాటలు అంత దూరంలో ఎదురైతే మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. శిరీష ఒక్కో పేజీ తిప్పుతూ ఒకచోట ఆగింది. అక్కడ ఐదు మాటల చుట్టూ నల్లగా గీత గీసి ఉంది.

"అన్నిటికీ తారీకులు రాసినవ్. గీ ఐదిటికి లేవేంది?"

"మర్చిపోయినట్టున్న."

"నువ్వు మర్చిపోవుడా! ఊర్ల పెండ్లి పిలుపుల లిస్టులన్నీ నీతోనే రాయిస్తరు, గిదెట్ల మర్చిపోతవ్?" అని నవ్వి పేజీ తిప్పేసింది. ఆమెకు కూడా అబద్ధమే చెప్పానని దారిలో బండి నడుపుతుంటే తట్టింది. ఆ ఐదు మాటల విషయంలో నిజం చెప్పే అలవాటే నాకు లేదు.

మాది చివ్వెంల మండలంలో ఒక చిన్న ఊరు. తాతకు గొర్ల మంద ఉండేది. నాన్న సూర్యాపేటలో ఒక ఆఫీసులో అటెండరు. బడికి సెలవులిచ్చిన మర్నాడే నన్ను తాత దగ్గర దించేవారు. వరి కోతలు అయ్యాక తాత మందను తోలుకుని మిర్యాలగూడ వైపు, కాలువ కింద పొలాలకు పోయేవాడు. కోసిన మడిలో నాలుగు రాత్రులు మంద పడుకుంటే ఆ భూమికి ఏ మందుబస్తా ఇవ్వలేని బలం వస్తుందని అక్కడి రైతులకు తెలుసు. అందుకే ముందుగానే కబురు పంపి తమ పొలంలో మంద పెట్టించుకునేవారు. రెండు వేసవులు నేనూ ఆ మంద వెంట మాడుగులపల్లి దాకా నడిచాను. పొద్దున జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, చల్ల. మధ్యాహ్నం కాలువ గట్టున తుమ్మచెట్ల నీడ. ఎండకూ వానకూ చలికీ ఒకటే గొంగడి. అది తడిసినప్పుడు ఉన్ని వాసన, పొగ వాసన, తాత తాగే బీడీ వాసన కలిసి ఒక వాసన వచ్చేది. దాన్ని పట్టుకుని నిద్రపోయేవాణ్ని.

తాత తినబోయే ముందు మంద చుట్టూ ఒకసారి తిరిగేవాడు. ఒక్కో గొర్రె ముఖం చూసేవాడు. రొట్టె చల్లారిపోతోందని నేను గొణిగితే, "ముఖం సూస్తెనే తెలుస్తది బిడ్డా, దేనికి కడుపు నొస్తుందో, దేనికి మనసు నొస్తుందో," అనేవాడు.

"గొర్లకు మనసు గూడ నొస్తదా తాతా?"

"నీకు నొయ్యదా? మల్ల దానికెందుకు నొయ్యదు?"

తాత సంచిలో ఒక ఆముదం సీసా ఉండేది. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. రెండో వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ సీసా మూత తీసి, ఆముదాన్ని నా మోచేతిదాకా తనే రాశాడు. ఒక గొర్రెకు కాన్పు కష్టమైంది. పిల్ల తల బయటికొచ్చింది, ముందుకాలు ఒకటి లోపల వెనక్కి మడిచి ఉండిపోయింది. "నీ చెయ్యి సన్నగున్నది. నేను చెప్త, నువ్వు చెయ్యి," అన్నాడు. చెప్పిన వరస ఇప్పటికీ నాకు కంఠస్థం. గొర్రె ముక్కడం ఆపేదాకా ఆగాలి. ఆగినప్పుడు పిల్ల తలను మెల్లగా లోపలికి నెట్టాలి. మోకాలు దొరికేదాకా తడమాలి. దొరికాక గిట్టను అరచేతిలో దాచుకోవాలి, లేకపోతే అది లోపల చీరేస్తుంది. అట్లా దాచుకునే కాలును ముందుకు తేవాలి. మళ్లీ ముక్కినప్పుడు దానితో పాటే కిందికి లాగాలి. నేను తొందరపడుతుంటే తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "గుంజుడు గాదురా, అడుగుడు. అది ఇస్తెనే తీస్కోవాలె." అది ఇచ్చింది. పిల్ల గడ్డి మీద పడి తుమ్మింది. ఆ పూట తాత, ఆ పొలం రైతు ఇంటికి నడిచి వెళ్లి మరీ ఆ సంగతి చెప్పొచ్చాడు.

ఇది నాకు గర్వంగా ఉండవలసిన విషయం. ఎప్పటి నుంచి అది దాచుకోవలసిన విషయమైందో కూడా చెప్పగలను. కోదాడలో ఇంటర్ చదవడానికి హాస్టల్లో చేరిన మొదటి సాయంత్రం నుంచి. గదిలో నలుగురం. మంచాల మీద కూర్చుని ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారో చెప్పుకుంటున్నాం. కిరణ్ వాళ్ల నాన్న టీచరు. నా వంతు వచ్చినప్పుడు నాన్న ఆఫీసులో పని చేస్తాడన్నాను, అది సగం నిజం. "మీ తాతగారు?" అని కిరణ్ అడిగాడు. "సార్. రిటైరయిండు," అన్నాను. ఎవరూ నిలదీసి అడగలేదు, ఎవరూ అనుమానించలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకు హాస్టల్ ముందు రోడ్డు మీద ఒక మంద పోతుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాం. "అబ్బా, ముక్కు మూసుకోండ్రా," అన్నాడు కిరణ్. "మనిషి కంటే ముందు వాసనొస్తుంది వీళ్లది." అందరం నవ్వాం. నేను ముక్కు మూసుకున్నాను కూడా. నా పెట్టె అడుగున నాయనమ్మ పెట్టిన చిన్న గొంగడి ఉంది. రెండేళ్లలో ఏ చలికీ దాని మడత విప్పలేదు.

కిరణ్ చెడ్డవాడు కాడు. నాకున్న మంచి స్నేహితుల్లో అతనొకడు. ఇంటర్ అయ్యాక అతను రెండు మూడేళ్లు ఇక్కడే సీటు కోసం ప్రయత్నించి, చివరికి డాక్టరు చదువుకు బిష్కెక్ వెళ్లాడు, నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. హైదరాబాదులో మొదటి ఉద్యోగం వదిలి, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో చేరేలోపు రెండు నెలల ఖాళీ దొరికింది. "వచ్చెయ్‌రా, కొండలు చూపిస్తాను," అన్నాడు కిరణ్. ఒక్క వీపుసంచితో వెళ్లాను. అతనికి క్లాసులు ఉన్న రోజుల్లో ఒక్కణ్నే ఊరి నుంచి ఊరికి తిరిగాను. చిన్న వ్యాన్లలో కొంత, నడిచి కొంత. రోజుకు ఇరవై ఐదు మాటలు నేర్చుకోవాలని నియమం పెట్టుకున్నాను. పొద్దున రొట్టెల దుకాణంలో ఐదు, వ్యాన్‌లో పది, బస చేసిన ఇంట్లో పది. నెల గడిచేసరికి దారి అడగడం, వంటకాన్ని మెచ్చుకోవడం, ముసలివాళ్ల ఆరోగ్యం అడగడం వచ్చేశాయి. పరాయి భాషలో కొత్త మనిషిగా పుట్టవచ్చని అప్పుడు నాకనిపించింది. అక్కడ నేను ఎవరినని చెప్తే వాణ్నే అవుతాను.

కిరణ్‌కు సెలవులు వచ్చాక ఇద్దరం కలిసి గుల్సారా ఊరు చేరాం. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయాడు, కొడుకు రష్యాలో పనికి వెళ్లాడు. చిన్న మంద, ఒక ఆవు, మట్టి గోడల ఇల్లు. తలుపు తీయగానే లోపల్నుంచి ఒక్కసారిగా తాత గొంగడి వాసన వచ్చింది. ఉన్ని తివాచీలు, పిడకల పొగ, పాలు. ఆ రెండు నెలల్లో నేను బాగా నిద్రపోయింది ఆ ఇంట్లోనే. కారణం కిరణ్‌కు చెప్పలేదు.

మొదటి సాయంత్రం టీ తాగుతూ ఆమె మా ఇళ్ల గురించి అడిగింది. నోట్‌బుక్ చూడకుండా, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. నేను ఇంజినీర్. మా నాన్న ఆఫీసులో అధికారి. మా తాత ముగాలిమ్. అంటే ఉపాధ్యాయుడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నన్ను లేపి, తలుపుకు ఎదురుగా గోడవైపు, గౌరవం ఇవ్వవలసిన వాళ్లు కూర్చునే చోట కూర్చోబెట్టింది. "భలే మాట్లాడేస్తున్నావురా!" అన్నాడు కిరణ్. నెల కింద మొదలుపెట్టిన భాషలో నా పాత అబద్ధం అంత శుభ్రంగా వచ్చినందుకు నాకూ సంతోషమే అయింది.

నాలుగు రోజులున్నాం. ఎవరూ చూడనప్పుడు కొట్టంలోకి వెళ్లి గొర్ల ముఖాలు చూసేవాణ్ని. మూడో సాయంత్రం ఒక గొర్రె మిగతావాటికి దూరంగా నిలబడి ముందుకాలితో నేల గీకుతోంది. తెల్లవారేసరికి ఈనుతుందని నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఉపాధ్యాయుడి మనవడికి ఆ సంగతి తెలియకూడదు.

పొద్దున గుల్సారా కేక విని కొట్టంలోకి పరుగెత్తాం. పిల్ల తల బయట ఉంది. కాలు ఒకటే కనబడుతోంది. నాకు ఆ చూపుతోనే అంతా అర్థమైంది. గుల్సారాకూ అర్థమైంది, ఆమె జీవితమంతా గొర్రెల మధ్యే గడిపింది. కానీ ఆమె వేళ్లు ఎన్నో చలికాలాలకు కణుపుల దగ్గర ఉబ్బి బిగుసుకుపోయి ఉన్నాయి. టీ కప్పునే రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుని ఎత్తేది.

"పశువుల డాక్టర్ని పిలవమని చెప్పు," అన్నాడు కిరణ్ గుమ్మం దగ్గరే ఆగి.

"నరిన్ నుంచి రావాలె. రెండు గంటలు. నువ్వే డాక్టర్‌వి గదరా."

"మూడో ఏడాది బాబూ! మనుషులవే ఇంకా పుస్తకంలో చూస్తున్నా. నన్నొదిలెయ్. పక్కింటి వాళ్లను పిలుచుకొస్తా." రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. బయట ఏ ఇంటి దగ్గరా మగవాళ్లు లేరు, పొద్దున్నే మందలతో కొండ ఎక్కారు.

గుల్సారా తన రెండు చేతులూ నా ముందు చాపింది. "చూడు బాలమ్, ఈ వేళ్లు మడతపడవు. నీ చెయ్యి సన్నగా ఉంది. నేను చెప్తాను, నువ్వు చెయ్యి."

బాలమ్ అంటే నా బిడ్డ. తాత అన్న మాటలే ఆమె అంది. భాష ఒకటే తేడా. తర్వాత, పరాయివాడికి చదువు చెప్పినట్టు, ఒక్కో మాటా విడిగా, చేత్తో చూపిస్తూ చెప్పింది. కోల్. మాయ్. అర్త్‌కా. బుత్. అకిరిన్. చెయ్యి. నూనె. వెనక్కి. కాలు. మెల్లగా. ఐదు మాటలూ అప్పటికే నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఐదూ నాకు వచ్చు. వాటి మధ్య ఆమె చెప్పకుండా వదిలేసిన పనులు కూడా నాకు వచ్చు.

"ఏమంటోందిరా?" అని కిరణ్ అడిగాడు.

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంటే ఏం జరిగేదో ఆ క్షణంలో వరసగా కనబడింది. ఇది నీకెట్లా వచ్చురా అని కిరణ్ అడుగుతాడు. చెప్పాలి. సార్ అయిన తాత ఎవరని అడుగుతాడు. కిటికీ దగ్గర ముక్కు మూసుకున్న రోజు అతనికి గుర్తొస్తుంది. గుల్సారా తను ఎవరిని గోడవైపు కూర్చోబెట్టిందో తెలుసుకుంటుంది.

"ఏమో, అర్థమైతలేదు," అన్నాను కిరణ్‌తో. ఆమె వైపు తిరిగి, "తుషున్‌బోయ్‌మ్, అపా," అన్నాను. అర్థం కావడం లేదు, అమ్మా.

ఆమె మళ్లీ చెప్పింది. నేను మళ్లీ అదే అన్నాను. మూడోసారి ఆమె మాటలు తగ్గించి, నా చెయ్యి పట్టుకుని నూనె గిన్నె దాకా తీసుకెళ్లింది. నేను చెయ్యి వెనక్కి లాక్కుని మూడోసారి అదే మాట అన్నాను. అప్పుడామె నా ముఖం చూసింది. తాత మంద చుట్టూ తిరుగుతూ చూసే చూపు అది. ముందు రోజే ఆమె ఊరి వంతెన ఎందుకు ఒరిగిందో ఆమె భాషలోనే పావుగంట వివరించాను. నాకు అర్థం కాలేదంటే ఆమె నమ్మిందని నేననుకోను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ బిగుసుకున్న వేళ్లతోనే ప్రయత్నించింది. లోపలికి పోని చెయ్యి బయట ఉన్న తలనే పట్టుకుని లాగింది. లాగకూడదని ఆమెకూ తెలుసు.

గంట దాటింది. పిల్ల నాలుక నీలంగా మారి ఉబ్బింది. గొర్రె తల ఎత్తడం మానేసింది. కొండ మీంచి ఒకాయన దిగి వచ్చేసరికి చేయగలిగింది ఒకటే మిగిలింది. ప్రాణం ఉండగానే కోస్తే కనీసం మాంసమైనా హలాల్ అవుతుందని కత్తి తెమ్మన్నాడు. కిరణ్ బయటికి వెళ్లిపోయాడు. గుల్సారా దాని తల తన ఒళ్లో పెట్టుకుని చెవి నిమిరింది. బకెట్‌లో నీళ్లు చల్లారిపోయాయి. వాటితో ఎవరూ చేతులు కడుక్కోలేదు.

మధ్యాహ్నం ఆ మాంసమే వండారు. వాళ్ల ఇళ్లలో మాంసం ఎవరికి పడితే వాళ్లకు వడ్డించరు. వయసునూ మర్యాదనూ బట్టి ఏ ఎముక ఎవరికి వెళ్లాలో ఒక పద్ధతి ఉంది. పెద్ద అతిథికి ఇచ్చే ఎముక నా కంచంలోకి వచ్చింది. ఆమె చేత్తోనే వేసింది. తిన్నాను. చాలా బాగుందని చెప్పాను. ఆ వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదు. ఆ రాత్రి ఆ ఐదు మాటలనూ వేరే పేజీలో మళ్లీ రాసి చుట్టూ గీత గీశాను, తేదీ గడి మాత్రం నింపలేదు. మర్నాడు బయల్దేరుతుంటే దారికి రొట్టెలు కట్టిచ్చి, "మీ తాతకు నా సలాం చెప్పు," అంది.

ఇంటికొచ్చాక తాత మొదట అడిగింది అక్కడి గొర్ల గురించే. తోకల దగ్గర కొవ్వు పట్టి ఉంటాయని చెప్తే నవ్వాడు. ఆ ఊపులో, ఒక ఇంట్లో ఇట్లా ఒక గొర్రె చనిపోయిందని కూడా చెప్పాను, ఎవరికో జరిగిన కథలాగా.

"మరి నువ్వేం జేసినవ్‌రా?"

"నాకు తెల్వదు గద తాతా."

"ఎట్ల తెల్వదు? మాడుగులపల్లి కాడ నువ్వే తీస్తివి గద."

"అప్పుడు చిన్నగుంటి. యాదికి లేదు."

తాత ముట్టించబోయిన బీడీ పక్కన పెట్టాడు. తర్వాత, "తప్పు నాదే. ఒక్కసారి చేపిచ్చి ఇడిసిపెట్టిన. ఒక్కసారికి ఎవలకొస్తది?" అన్నాడు. లేచి వెళ్లి గొంగడి తెచ్చాడు. దాన్ని చుట్టగా చుట్టి, లోపల తన చేతికర్ర వంపు కొసను మడిచిన కాలులా పెట్టి, నా చేతిని అందులోకి తోయించి, మొదటి నుంచీ మళ్లీ నేర్పాడు. ముక్కుడు ఆగేదాకా ఆగు. గిట్టను దాచుకో. గుంజుడు గాదు, అడుగుడు. నాకు ప్రతి అడుగూ ముందే తెలుసు. తెలియనట్టు తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. "ఆఁ, గిప్పుడొచ్చింది," అని తాత తృప్తిగా బీడీ ముట్టించుకున్నాడు. గుల్సారా విషయంలో భయపడ్డాననైనా చెప్పుకోవచ్చు. తాత దగ్గర భయపడవలసిందేమీ లేదు. చేతకానివాణ్నని అనిపించుకోవడం, తెలిసీ నిలబడ్డానని ఒప్పుకోవడం కంటే తేలిగ్గా ఉంది, అంతే.

కిరణ్ ఇప్పుడు కోదాడలో ఒక దవాఖానలో డాక్టరు. పోయిన ఏడు కూతురు పుట్టినరోజుకు మంచి పొట్టేలు కావాలని, మా వైపు ఎక్కడ దొరుకుతుందని ఫోన్ చేశాడు. మా ఇంట్లోనే ఉన్నాయని చెప్పాను. ఆశ్చర్యపోయాడు. తాత సార్ కాదనీ చెప్పాను. "అదేంట్రా పిచ్చోడా, చెప్తే ఏమయ్యేది?" అన్నాడు, నవ్వుతూనే. నేను లెక్క వేసి చూశాను. పొట్టేలును నేనే బండిలో తీసుకెళ్లి అతని ఇంటి ముందు దించితే అతను ముక్కు మూసుకోలేదు. దాని నుదురు నిమిరి, కూతుర్ని పిలిచి చూపించాడు. ఏమీ అయ్యేది కాదు. ఆ కాలానికీ ఈ కాలానికీ మధ్య మనుషులు మారారని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఆ కొట్టంలో కూడా ఏమీ అయ్యేది కాదని నా అనుమానం. ఒక నవ్వు, ఒక తిట్టు, ఆపైన చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు.

శిరీష ప్రయాణం దగ్గరపడింది. పోయిన ఆదివారం ఊరికి వెళ్లాను. తాత ఇప్పుడు మంద వెంట పోడు. అరుగు మీద కూర్చుని ఒక గొర్రె కాలు ఒళ్లో పెట్టుకుని గిట్టలో ముల్లు వెతుకుతున్నాడు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మొదట హాస్టల్, తర్వాత అబద్ధం, తర్వాత ఐదు మాటలు, తర్వాత గొంగడితో మళ్లీ నేర్పించుకోవడం. తాత ముల్లు వెతకడం ఆపలేదు.

"నేనెవ్వర్నని చెప్పినవ్?"

"సార్ అని. బడిల చదువు చెప్పే సార్."

"నాకు సంతకం గూడ రాదు గదరా," అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ముల్లు దొరికింది. తీసి, గోటితో అవతలికి చిమ్మి, గొర్రె కాలు వదిలిపెట్టాడు. అది కుంటుకుంటూ పోయేదాకా చూశాడు.

"ఆమెకెన్ని గొర్లు?"

"పదకొండు."

"నువ్వు మర్లొచ్చేటప్పటికి?"

"పది."

"పన్నెండు గావాల్సినయి," అన్నాడు తాత.